తాతగారి యుద్ధకాలపు ఫోటోలు తీసిన కెమెరా ఏది?

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీ తాతగారు రెండవ ప్రపంచ యుద్ధంలో మద్రాసు శాపర్లలో, అంటే వంతెనలూ రోడ్లూ వేసే సైనిక ఇంజినీర్ల దళంలో, ఉండి 1944లో ఇటలీలో పనిచేశారు. ఆయన పెట్టెలో నల్ల కాగితాల ఆల్బమ్, పొగాకు డబ్బాలో కుక్కిన నెగటివ్‌లు, ఒక మడత కెమెరా దొరికాయి. కెమెరా మీద ‘కోడాక్ మానిటర్ సిక్స్-20’ అని ఉంది. లెన్సు చుట్టూ చెక్కిన సంఖ్య ముందు ఇంగ్లీషు అక్షరాలు ‘ఈ’, ‘ఓ’ ఉన్నాయి. వెనక ఎర్ర కిటికీలో 5 అంకె కనిపిస్తోంది. ఆల్బమ్‌లో ఎక్కువ ఫోటోలు నాలుగు సెంటీమీటర్లకు ఆరున్నర ఉన్నాయి, నెగటివ్‌లు మాత్రం రెండు సైజుల్లో ఉన్నాయి. యుద్ధం ఫోటోలన్నీ ఆయన ఈ కెమెరాతోనే తీశారని ఇంట్లో చెప్పుకుంటారు. అది నిజమా, నెగటివ్‌లను దేంతో శుభ్రం చేయాలి, కెమెరాలో ఉన్న ఫిల్మ్‌ను ఏం చేయాలి అని అడిగారు.

రెండో ప్రశ్నకు జవాబు ముందు చెప్పాలి, ఎందుకంటే అది ఆలస్యమైతే మిగతావాటికి జవాబు ఉండదు. దేనితోనూ శుభ్రం చేయకండి. నీళ్లు వద్దు, స్పిరిట్ వద్దు, కళ్లజోడు తుడిచే గుడ్డ కూడా వద్దు. ఒకదానికొకటి అంటుకున్న నెగటివ్‌లను లాగకండి. డబ్బాలో అవి ఏ వరుసలో ఉన్నాయో పైనుంచి ఒక్కొక్క పొరా తీసేముందు ఫోనుతో ఫోటో తీసుకోండి. ఆల్బమ్ నుంచి ఒక్క ప్రింటునైనా ఊడదీయకముందే ప్రతి పేజీనీ మొత్తంగా ఫోటో తీయండి. కెమెరా వెనక మూత తెరవకండి. పాత ఫోటోల విషయంలో కాలం చేసిన నష్టం కన్నా ప్రేమతో చేసిన శుభ్రత వల్ల జరిగిన నష్టమే నేను ఎక్కువగా చూశాను.

ఇక అసలు ప్రశ్న. ఇంట్లోవాళ్లకు కాస్త కష్టంగా ఉంటుంది గానీ, మీరు చెప్పిన వివరాలు సరైనవే అయితే ఈ కెమెరా 1944లో ఇటలీలో ఉండే అవకాశమే లేదు.

ఆ రెండు అక్షరాలే సాక్ష్యం. కోడాక్ తన అమెరికా కర్మాగారంలో చేసిన లెన్సుల మీద 1940ల నుంచి తయారీ సంవత్సరాన్ని అక్షరాల్లో దాచి రాసేది. ‘కామెరోసిటీ’ అనే పది ఇంగ్లీషు అక్షరాల మాట అందుకు తాళంచెవి. ఇంగ్లీషులో ఆ మాట రాసి, మొదటి అక్షరం సీకి 1, తర్వాతి ఏకి 2, ఎంకి 3, ఈకి 4, ఆర్‌కి 5, ఓకి 6, ఎస్‌కి 7, ఐకి 8, టీకి 9, చివరి వైకి 0 అని వేసుకుంటూ పోవాలి. మీ లెన్సు మీద ఉన్న ‘ఈ’ 4, ‘ఓ’ 6. అంటే లెన్సు 1946లో తయారైంది. లెన్సు తర్వాతే కెమెరా తయారవుతుంది కాబట్టి కెమెరా అంతకన్నా ముందుది కాదు. మానిటర్ మోడల్ 1939లోనే వచ్చింది, అందుకే ఇది యుద్ధకాలపుదని అనుకోవడం సహజం. షట్టర్ ముఖం మీద ‘ఫ్లాష్’ అనే మాట గానీ, ఫ్లాష్ వైరు తగిలించే చిన్న మొన గానీ ఉందేమో కూడా చూడండి. ఉంటే అది కూడా యుద్ధం తర్వాతి కాలాన్నే చూపిస్తుంది.

(ఇతర కంపెనీల కెమెరాలు దొరికినవాళ్లకు ఒక మాట. ‘జర్మనీ, యూఎస్ జోన్’, ‘యూఎస్ఎస్ఆర్ ఆక్రమిత’, ‘ఆక్రమిత జపాన్‌లో తయారైంది’ వంటి ముద్రలు ఎక్కడున్నా ఆ వస్తువు 1945 తర్వాతిదే. లైకాలకు సీరియల్ నంబర్ల పట్టికలు ఉన్నాయి, సంవత్సరం నేరుగా తెలుస్తుంది. లైకా మీద జర్మన్ వైమానిక దళం గద్దముద్ర మెరిసిపోతూ కనిపిస్తే సంతోషించే ముందు అనుమానించండి. సోవియట్ ‘ఫెడ్’, ‘జోర్కీ’ కెమెరాల మీద అలాంటి ముద్రలు చెక్కి అమ్మే వ్యాపారం చాలాకాలంగా సాగుతోంది.)

కాబట్టి ఇంకో కెమెరా ఉండి ఉండాలి. అది ఎలాంటిదో ఫోటోల కొలతే చెబుతోంది.

ఆ రోజుల్లో చిన్న ఫోటోలను చాలావరకు పెద్దవి చేయకుండానే అచ్చు తీసేవారు. నెగటివ్‌ను కాగితానికి ఆనించి దీపం వెలిగించడమే, అందుకే ప్రింటులోని బొమ్మ, నెగటివ్‌లోని బొమ్మ ఒకే సైజులో ఉంటాయి. మీ ఆల్బమ్‌లోని నాలుగుకు ఆరున్నర సెంటీమీటర్ల కొలత 127 రకం ఫిల్మ్‌ది. మానిటర్‌లో 620 ఫిల్మ్ పడుతుంది, దాని నెగటివ్ సుమారు ఆరుకు తొమ్మిది సెంటీమీటర్లు. డబ్బాలోని పెద్ద నెగటివ్‌లు మానిటర్‌వి కావచ్చు. చిన్నవి ఏ విధంగానూ కావు.

127 ఫిల్మ్ వాడే కెమెరాల్లో సైనికుల జేబుల్లో ఎక్కువగా తిరిగింది వెస్ట్ పాకెట్ కోడాక్. 1912లో వచ్చింది, మడిస్తే రెండున్నర సెంటీమీటర్ల మందం. మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని ‘సైనికుడి కోడాక్’ అనే ప్రకటనలతో అమ్మారు. 1915 నుంచి వచ్చిన ‘ఆటోగ్రాఫిక్’ రకంలో వెనక చిన్న తలుపు, ఒక లోహపు పుల్ల ఉండేవి. ఫోటో తీశాక ఆ తలుపు తెరిచి పుల్లతో రాస్తే ఊరు, తేదీ నెగటివ్ అంచున పడేవి. ఆ ప్రత్యేక ఫిల్మ్ అమ్మకం 1932లో ఆగిపోయింది, అందుకని మీ నెగటివ్‌ల మీద అలాంటి రాత కోసం వెతకనక్కర్లేదు. కెమెరా తయారీ 1926లోనే ఆగింది గానీ రెండవ యుద్ధం నాటికి కూడా పాతవి పుష్కలంగా చేతులు మారుతూ ఉండేవి. రెండో అవకాశం బేబీ బ్రౌనీ. 1934లో వచ్చిన నల్ల బేకలైట్ డబ్బా కెమెరా, చవక, ఫిల్మ్ అదే, కొలత అదే.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి ఒక మార్గం ఉంది, దానికి నెగటివ్ కూడా అక్కర్లేదు, ప్రింటు చాలు. చదునైన నేల మీద నిలబడిన మనుషుల ఫోటో ఒకటి తీసుకోండి. వాళ్ల వెనక దూరంగా క్షితిజరేఖ, అంటే నేల ఆకాశాన్ని కలిసే గీత, కనిపించాలి. కెమెరాను ఎంత ఎత్తులో పట్టుకున్నారో ఆ గీత మనుషుల ఒంటి మీద సరిగ్గా అంత ఎత్తులో అడ్డంగా పోతుంది. ఇది జ్యామితి, లెన్సు ఏదైనా మారదు. వెస్ట్ పాకెట్ కోడాక్‌కు కంటి దగ్గర పెట్టుకుని చూసే కిటికీ లేదు. లెన్సు పక్కన గోరంత అద్దం ఉంటుంది, కెమెరాను పొట్ట దగ్గరో ఛాతీ దగ్గరో పట్టుకుని పైనుంచి అందులోకి చూడాలి. కాబట్టి క్షితిజరేఖ మనుషుల నడుముకూ ఛాతీకీ మధ్య పోతుంది. బేబీ బ్రౌనీకి పైన లేచే చట్రం ఉంది, కంటి దగ్గర పెట్టుకుని చూడాలి. అప్పుడు ఆ గీత అందరి కళ్ల మీదుగా పోతుంది. ఫోటోగ్రాఫర్ గట్టు మీదో లారీ మీదో నిలబడి ఉంటే లెక్క తప్పుతుంది, అందుకని ఒక్క ఫోటో చూసి తేల్చకండి, చదునైన నేల ఉన్నవన్నీ చూడండి. ఎండ వీపు మీద పడేలా నిలబడి తీసిన ఫోటోల్లో ముందు నేల మీద ఫోటోగ్రాఫర్ నీడ కూడా పడుతుంది. మోచేతులు రెండూ బయటికి వచ్చి తల కిందికి వంగి ఉంటే పొట్ట దగ్గర పట్టుకున్నట్టు. అలాంటి నీడ ఉన్న ఫోటో దొరికితే మీకు ఇంకో లాభం కూడా ఉంది. ఆ నీడ మీ తాతగారిదే కావచ్చు.

ఆ మాట ఎందుకన్నానంటే, ఆల్బమ్‌లో ఉన్నవన్నీ ఆయన తీసినవి కాకపోవచ్చు. ఇది కెమెరా కన్నా ముఖ్యమైన సంగతి. సైనికుల ఆల్బమ్‌లలో స్వయంగా తీసినవి, తోటివాళ్ల దగ్గర మార్చుకున్నవి, ఊళ్లోని స్టూడియోలో కొన్నవి కలిసిపోయి ఉంటాయి. ఒక నెగటివ్ నుంచి పది ప్రింట్లు తీయించి దళమంతా పంచుకునేవారు. మీ తాతగారే కనిపించే ఫోటోల్లో షట్టర్ నొక్కింది ఎవరు? ఆయన కెమెరాతోనే స్నేహితుడు తీసి ఉండవచ్చు, స్నేహితుడి కెమెరాతో కూడా తీసి ఉండవచ్చు. మీరు రాసిన దాన్నిబట్టి ఆల్బమ్‌లో చదరపు ఫోటోలు కొన్ని, పోస్టుకార్డు సైజు నిగనిగలాడేవి కొన్ని ఉన్నాయి. చదరపువి ఇంకెవరి కెమెరావో. పోస్టుకార్డు సైజువి చాలావరకు కొన్నవే అయి ఉంటాయి.

ప్రసిద్ధుల విషయంలోనూ ఈ చిక్కు వచ్చింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో గెర్డా టారో, రాబర్ట్ కాపా కలిసి తిరిగి ఫోటోలు తీశారు, పత్రికల్లో పేర్లు కలగలిసిపోయాయి. 1936లో టారో చదరపు నెగటివ్ ఇచ్చే కెమెరా వాడింది, కాపా లైకా వాడాడు. కాబట్టి ఆ తొలినాళ్ల ఫోటోల్లో ఎవరివి ఏవో ఆకారం చూసి చాలావరకు వేరు చేయగలిగారు. తర్వాత టారో కూడా లైకా పట్టడంతో ఆ గుర్తు చెల్లలేదు. వాళ్లిద్దరితో పాటు చిమ్ అనే మరో ఫోటోగ్రాఫర్ తీసినవి కూడా కలిసి దాదాపు 4,500 నెగటివ్‌లు మెక్సికో నగరంలో బయటపడి 2007లో న్యూయార్క్ చేరాకే చాలా సందేహాలు తీరాయి. ప్రింటు చూసి వాదించుకున్నవాళ్లు నెగటివ్‌ల వరుస చూడగానే చాలా చోట్ల ఆగిపోయారు. మీ పొగాకు డబ్బాను చెదరగొట్టవద్దని అన్నది అందుకే.

నెగటివ్ అంచుల్లో ఏముంటుందో చెబుతాను. కెమెరా లోపల ఫిల్మ్ ముందు ఒక లోహపు చట్రం ఉంటుంది, దాన్ని ఫిల్మ్ గేటు అంటాం. బొమ్మ చుట్టూ ఉన్న హద్దు ఆ చట్రం నీడ. భూతద్దంతో చూస్తే ఆ హద్దు గీసినట్టు తిన్నగా ఉండదు. ఒక మూల కాస్త గుండ్రంగా, ఒక అంచున రంగు పెచ్చు లేచినచోట చిన్న పన్ను, ఇంకోచోట నూగులాంటి పోగు కనిపిస్తాయి. ఆ చట్రంలోంచి వెళ్లిన ప్రతి ఫిల్మ్ మీదా ఆ పన్ను అదే చోట పడుతుంది. తెల్లటి ఫోను తెర మీద పారదర్శకమైన పాలిస్టర్ కాగితం వేసి, దాని మీద నెగటివ్ పెట్టి, నాలుగు మూలలనూ విడివిడిగా పెద్దవి చేసి ఫోటో తీయండి. చిన్న నెగటివ్‌లన్నిటిలో ఒకే పన్ను ఒకేచోట ఉంటే అవన్నీ ఒకే కెమెరావి. మడత కెమెరా అయితే ఇంకో గుర్తు ఉంటుంది. లెన్సునూ డబ్బానూ కలిపే మడతల తోలును బెల్లోస్ అంటాం. ఆ మడతల మూలల్లో సూదిమొనంత చిల్లు పడితే వెలుతురు లోపలికి దూరి నెగటివ్ మీద నల్లమచ్చగా, ప్రింటు మీద తెల్లమచ్చగా పడుతుంది. చిల్లు కదలదు కాబట్టి మచ్చ కూడా దాదాపు ఒకే ప్రాంతంలో మళ్లీ మళ్లీ వస్తుంది. నెగటివ్ పోయి ప్రింటు మాత్రమే మిగిలినచోట ఈ మచ్చే మనకు దిక్కు. డబ్బా కెమెరాకు బెల్లోస్ ఉండదు.

ఇలా ముందు గుంపులు కట్టండి. నెగటివ్ మీ ఇంట్లో ఉండి, అంచులు ఒకే కెమెరావి అయినవి ‘తాతగారు తీసినవి’ అనడానికి బలమైన ఆధారం ఉన్నవి. ప్రింటు మాత్రమే ఉండి, కొలత, మచ్చలు కలిసినవి ‘బహుశా’. మిగతావి ‘ఆయన దాచుకున్నవి’. ఈ మూడో గుంపును తక్కువగా చూడకండి, ఏ స్నేహితుల బొమ్మలు దాచుకోవాలనుకున్నారో అదే చెబుతుంది. కానీ వాటిని ఆయన తీసినట్టు ఎక్కడా రాయవద్దు.

ఆల్బమ్‌లో యుద్ధం ఒక్కటీ లేదు, అంతా నిలబడి నవ్వడమే అని మీరు కొంచెం నిరాశగా రాశారు. కెమెరాను పట్టి చూస్తే ఆ నిరాశ ఉండదు. ఆ చిన్న కెమెరాల్లో మామూలు రకాలకు ఒకే గాజు లెన్సు, రంధ్రం చిన్నది, షట్టర్ వేగం సెకనులో ఇరవై ఐదో వంతో యాభయ్యో వంతో. అప్పటి ఫిల్మ్ కూడా మందకొడిది. ఎండ బాగా ఉండాలి, ఎదుటి మనిషి కదలకూడదు. ఒక రీలుకు ఎనిమిది ఫోటోలు, యుద్ధకాలంలో ఇంకో రీలు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. 1944 మే నెలలో ఇటలీలోని కాసినో ఊరి దగ్గర ‘గారి’ అనే నది మీద వంతెనలు రాత్రివేళ, తూటాల మధ్య వేశారు. ఆ పనిలో ఉన్న శాపర్ చేతికి కెమెరా వచ్చేది తెల్లవారి, వంతెన నిలబడ్డాక. అందుకే మీ ఆల్బమ్‌లో బెయిలీ వంతెన (ముక్కలుగా తెచ్చి అక్కడికక్కడ బిగించే ఇనుప వంతెన) ముందు అందరూ వరసగా నిలబడి కళ్లు చికిలించి చూస్తున్నారు. ఎండ వాళ్ల మొహాల మీద ఉండాల్సిందే, లేకపోతే ఫోటో రాదు.

పోలికకు టోనీ వక్కారోను చూడండి. అమెరికా 83వ పదాతి డివిజన్‌లో మామూలు సైనికుడు. అతని దగ్గర ఉన్నది 47.50 డాలర్లకు కొన్న సెకండ్‌హ్యాండ్ ఆర్గస్ సీ3. ఇటుకలా ఉంటుందని ఆ కెమెరాకు ‘ఇటుక’ అనే పేరే ఉంది. అయినా లెన్సు ఎఫ్/3.5, అంటే వెలుతురు బాగా లోపలికి వదిలేది, షట్టర్ సెకనులో మూడు వందల వంతు దాకా పోతుంది, 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో ముప్పై ఆరు ఫోటోలు. అందుకే అతను మంచులోనూ, కాల్పుల మధ్యా తీయగలిగాడు. రాత్రిపూట నాలుగు హెల్మెట్లలో డెవలపర్, నీళ్లు, హైపో, మళ్లీ నీళ్లు పోసి ఫిల్మ్ కడిగి, చెట్టుకొమ్మలకు ఆరేసేవాడు. ధైర్యం అందరికీ ఉండవచ్చు, ఆ షట్టర్ అందరి దగ్గరా లేదు. పైగా అనుమతి గొడవ ఒకటి. మొదటి యుద్ధంలో బ్రిటిష్ సైన్యం 1914 చివరికల్లా సొంత కెమెరాలను నిషేధించింది. అయినా ఆ క్రిస్మస్‌కు జర్మన్, బ్రిటిష్ సైనికులు కందకాల మధ్య కలిసి నిలబడిన ఫోటోలు 1915 జనవరి 8న లండన్ పత్రికలో వచ్చాయి. రెండవ యుద్ధంలోనూ ఉత్తరాలనూ ఫోటోలనూ సెన్సారు చూసేది. ఇంటికి పంపాల్సిన ఫోటోల్లో వంతెన ఎక్కడుందో తెలిసేలా ఏదీ ఉండకూడదు. మీ ప్రింట్ల వెనక గుండ్రటి ముద్రలు ఉంటే అవి సెన్సారువేమో చూడండి, ముద్రలోని అంకెలను బట్టి కొన్నిసార్లు కాలం తెలుస్తుంది.

తేదీల విషయానికి వస్తే, ఆల్బమ్‌లో తెల్ల పెన్సిలుతో రాసిన ‘కాసినో, ఫిబ్రవరి 1944’ అనే శీర్షికను అలాగే నమ్మకండి. కొండ మీద మఠం కూలిపోయి ఉంది, దాని కింద మనుషులు చొక్కాలు విప్పి ఎండలో తిరుగుతున్నారు అన్నారు. మఠం మీద బాంబులు పడింది ఆ ఫిబ్రవరి 15నే, కానీ కొండ మిత్రరాజ్యాల చేతికి వచ్చింది మే 18న. అంతకుముందు ఆ చోట పట్టపగలు అలా తిరగడం కుదిరే పని కాదు. తాతగారు తప్పు రాశారని కాదు, యుద్ధం తాలూకు నెల ఒకటి, ఫోటో తాలూకు నెల ఒకటి, ఆల్బమ్ అతికించేనాటికి రెండూ కలిసిపోయి ఉంటాయి. పెద్దఎత్తున పొగ కక్కుతున్న కొండ ఫోటో వెసూవియస్ అగ్నిపర్వతానిదే అయితే అది ఇంకా తేలిక. ఆ పేలుడు 1944 మార్చి 18న మొదలై కొద్దిరోజులే సాగింది. కొండ ఆకారాన్ని పాత చిత్రాలతో పోల్చి చూడండి.

భుజం మీద చిహ్నాల దగ్గర ఒక జాగ్రత్త. అప్పట్లో చాలా రోల్ ఫిల్మ్‌లు ఎరుపును చూడలేనివి. కోడాక్ వెరిక్రోమ్ కూడా అలాంటిదే, ఎర్రదీపం కింద కడిగినా పాడవదు. అలాంటి ఫిల్మ్ మీద ఎరుపు నల్లగా పడుతుంది, నీలి ఆకాశం తెల్లగా పోతుంది. నాలుగవ భారత డివిజన్ గుర్తు నల్లగుడ్డ మీద ఎర్ర గద్ద. ఆ ఫిల్మ్ మీద గద్ద నలుపులో కలిసిపోయి, గుడ్డముక్క మాత్రమే కనిపిస్తుంది. చిహ్నం లేదని రాసేయకుండా స్కాన్‌లో ఆ ముక్కను బాగా వెలిగించి చూడండి. వాహనాల మీద అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి ఉంటే నెగటివ్‌ను తిరగేసి అచ్చు తీశారన్నమాట. చొక్కా గుండీలు కూడా ఆ సంగతి చెబుతాయి.

ప్రింట్ల వెనక కాగితం కంపెనీ పేరు లేతగా ఉండవచ్చు. ‘ఫెర్రానియా’ అని ఉంటే అది ఇటాలియన్ కాగితం, అక్కడి స్టూడియోలోనే అచ్చు తీయించి ఉండవచ్చు. చీకట్లో అతినీలలోహిత టార్చి వేసి చూడండి. కాగితం నీలంగా మెరిస్తే అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉంది, అది ఫోటో కాగితాల్లోకి వచ్చింది 1950ల తొలినాళ్ల నుంచి. అంటే ఆ ప్రింటు తర్వాత తీయించినది. మెరవకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు.

ఇప్పుడు భద్రత. మీ చిన్న నెగటివ్‌ల అంచున ‘సేఫ్టీ’ అని ఉందా? లేకపోతే, 1940లవి కనుక, నైట్రేట్ అనే తేలిగ్గా అంటుకునే పాత రకం ఫిల్మ్ కావచ్చు. కోడాక్ 35 మిల్లీమీటర్ల స్టిల్ ఫిల్మ్‌లో నైట్రేట్‌ను 1938లోనే మానేసింది గానీ, రోల్ ఫిల్మ్‌లలో 1950 దాకా వాడింది. నైట్రేట్ అంటుకుంటే గాలి లేకపోయినా మండుతూనే ఉంటుంది, నీళ్లతో ఆరదు. కాబట్టి ముక్క కత్తిరించి అగ్గిపుల్లతో పరీక్షించమని ఎవరైనా చెబితే వినకండి. పసుపు రంగు, జిగట, ముక్కు మండించే ఆమ్లపు వాసన దాని క్షీణతకు గుర్తులు. సేఫ్టీ ఫిల్మ్ చెడితే వెనిగర్ వాసన వస్తుంది, మెలితిరుగుతుంది. రెండు రకాలనూ ఒకేచోట ఉంచవద్దు. పొగాకు డబ్బాలో మూతపెట్టి ఉంచడం రెండింటికీ చెరుపే, వెలువడే ఆమ్లం బయటికి పోక అక్కడే తిరుగుతుంది. ఒక్కొక్క నెగటివ్‌నూ ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, కవరు మీద ముందే పెన్సిలుతో నంబరు వేయండి. పీవీసీ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, పారదర్శక టేపు వద్దు. చల్లని, పొడి అల్మారా చాలు. ఆల్బమ్‌ను విడదీయకండి. ఆ నల్ల కాగితం మంచిది కాకపోయినా, ఆయన పెట్టిన వరుస దాన్ని మించినది. పేజీల మధ్య ఆమ్లం లేని పలుచని కాగితం పెట్టండి. స్కాన్ ప్రింటు కన్నా ముందు నెగటివ్‌కు చేయండి, అంచులతో సహా, టిఫ్ ఫైలుగా. బొమ్మ వరకే కత్తిరించిన స్కాన్ చూడటానికి బాగుంటుంది గానీ రేపు దాన్నిబట్టి ఏమీ నిరూపించలేరు.

కెమెరాలో ఉన్న ఫిల్మ్. ఎర్ర కిటికీ మీద నల్ల టేపు అంటించండి. మీరే చేయాలనుకుంటే పూర్తి చీకటి గదిలో, మీట మెల్లగా తిప్పుతూ చివరిదాకా చుట్టండి. బిగుసుకుంటే ఆపేయండి, పాత కాగితం చిరుగుతుంది. చుట్టిన రీలుకు రేకు చుట్టి, పాత ఫిల్మ్‌లు కడగడం తెలిసినవాళ్లకు మాత్రమే ఇవ్వండి, మామూలు స్టూడియోకు వద్దు. నలుపు తెలుపు ఫిల్మ్ అయితే పొగమంచులా మసక పట్టినా బొమ్మ మిగిలే అవకాశం బాగానే ఉంది. ఒక అమెరికన్ సైనికుడు రెండవ యుద్ధంలో తీసి కడిగించకుండా వదిలేసిన 31 రీళ్లు 2014లో వేలంలో దొరికితే, డెబ్బై ఏళ్ల తర్వాత వాటిలోంచి ఓడరేవులూ సైనికులూ బయటికి వచ్చారు. పాత కోడాకలర్ అయినా ఇప్పుడు నలుపు తెలుపుగానే కడగాలి, రంగుల విధానం కోసం ఆగకండి.

మానిటర్ కెమెరాకు అమ్మకం విలువ పెద్దగా లేదు, అమ్మకండి కూడా. షట్టర్ బిగుసుకుంటే నూనె వేయకండి, అది షట్టర్ లోపలి పలుచని రేకుల మీదికి పాకి ఇంకా అతుక్కుంటుంది. 620 ఫిల్మ్ తయారీని కోడాక్ 1995లో ఆపేసింది. కానీ 120 ఫిల్మ్ వెడల్పు అదే, 620 స్పూలుకు, అంటే ఫిల్మ్ చుట్టే కడ్డీకి, మార్చుకుంటే పడుతుంది. అందుకని ఇప్పుడున్న రీలు బయటికి తీశాక లోపలి ఖాళీ స్పూలును పారేయవద్దు. అప్పుడే ఫిల్మ్ గేటు నాలుగు మూలలనూ ఫోటో తీసి పెద్ద నెగటివ్‌ల అంచులతో పోల్చండి.

తాతగారి దళం ఏ రోజు ఎక్కడ ఉందో తెలుసుకోవాలంటే యూనిట్ వార్ డైరీలు ఆధారం. ఆ కాలపువి లండన్ శివారులో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో పెద్దఎత్తున ఉన్నాయి. ఫీల్డ్ కంపెనీ, అంటే ఆయన పనిచేసిన శాపర్ల దళం, నంబరు తెలియకుండా వెతికితే సముద్రంలో పడినట్టే, ముందు ఆయన పే బుక్కో డిశ్చార్జి కాగితమో వెతకండి.

తర్వాత ఇక్కడ మూడు వివరాలు రాయండి: చదునైన నేల ఉన్న ఫోటోల్లో క్షితిజరేఖ ఎక్కడ పోతోంది, చిన్న నెగటివ్‌ల మూలలు ఎలా ఉన్నాయి, పెద్ద నెగటివ్‌లలో ఎవరున్నారు. మూడోది ముఖ్యం. పెద్దవాటిలో కుటుంబం కనిపిస్తే కెమెరా ఆయన ఇంటికి వచ్చాక కొన్నదే. సైనిక దుస్తులు కనిపిస్తే మాత్రం ఆయన 1946లోనో ఆ తర్వాతో కూడా సైన్యంలోనే ఉన్నారన్నమాట. 1946–47లో జపాన్ ఆక్రమణ సేనలో భారత దళాలు కూడా ఉన్నాయి, అప్పుడు వెతకాల్సిన దేశమే మారిపోతుంది. చిన్న కెమెరా కోసం బంధువుల ఇళ్లలో కూడా అడగండి. మడిచి ఉంటే అది కెమెరా అని కూడా చాలామందికి తెలియదు, ‘తాతగారి ఇనుప పెట్టె ఏదైనా ఉందా, లాగితే తోలు బయటికి వస్తుంది’ అని అడిగి చూడండి.